పాము కనిపిస్తే సైకిలు మానేయాలా?

చెట్లు దట్టంగా ఉన్న ఉక్కునగరంలోనో, కంబాలకొండ అంచు కాలనీల్లోనో సైకిలు తొక్కే అమ్మాయికి పాము ఎదురవడం వింతేం కాదు. ఇంటికొచ్చి చెప్పిందో, మర్నాటి నుంచి సైకిలు బంద్! అన్నయ్య సైకిలుకి మాత్రం ఏ ఆంక్షా ఉండదు. పాముకి ఆడా మగా తేడా తెలుసా ఏమిటి?

పగటిపూట సర్రున రోడ్డు దాటేది చాలాసార్లు జెర్రిపోతే. దానికి విషం లేదు, ఎలకల్ని తింటుంది. భయపడాల్సింది తాచు, రక్తపింజర, కట్లపాములకి. కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది, కాటేసినా ఒక్కోసారి నొప్పే తెలీదు. అందుకే చీకటిపడితే సైకిలుకి లైటుండాలి. పాము కనిపిస్తే దూరంగా ఆగి, దాన్ని పోనివ్వండి. పక్కనుంచి దూసుకెళ్లొద్దు. ఒకవేళ కాటేస్తే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు మందులు ఏవీ వద్దు. కాలు కదలనివ్వకుండా, నడిపించకుండా తిన్నగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడిచ్చే విరుగుడు ఇంజెక్షను ఈ మూడు పాముల విషానికీ పనిచేస్తుంది.

కంబాలకొండని అభయారణ్యంగా ప్రకటించారు. దాని పక్కకి ఇళ్లు జరుపుకుంటూ వచ్చింది మనమే. చెత్తకుప్ప ఉన్నచోట ఎలకలు, ఎలకలున్నచోట పాములు. కుప్ప తీయించమని, వీధిలైటు వేయించమని నలుగురం వెళ్లి అడగాలంటే బద్ధకం. అమ్మాయి సైకిలుకి తాళం వేయడమైతే నిమిషం పని!