నెలలు నిండని పసికందుకు తల్లిపాలే తొలి రక్ష

నెలలు నిండకుండా, ముఖ్యంగా కిలోన్నర కంటే తక్కువ బరువుతో పుట్టిన శిశువులను బలిగొనే వ్యాధుల్లో నెక్రోటైజింగ్ ఎంటెరోకొలైటిస్ ఒకటి. వైద్యులు దీన్ని క్లుప్తంగా ‘నెక్’ అంటారు. సాధారణంగా బిడ్డ పుట్టిన రెండు మూడు వారాల్లో, కోలుకుంటోందని అందరూ ఊపిరి పీల్చుకునే సమయంలోనే ఇది బయటపడుతుంది. పొట్ట ఉబ్బుతుంది, పాలు అరగవు, మలంలో రక్తం కనిపిస్తుంది. పూర్తిగా ఎదగని పేగు గోడలోకి బ్యాక్టీరియా చొరబడి కణజాలాన్ని దెబ్బతీస్తుంది. ఒక్కోసారి పేగుకు చిల్లు పడుతుంది.

ఈ వ్యాధిని నేరుగా నయం చేసే మందు నేటికీ లేదు. పాలు ఆపి, పోషకాలను రక్తనాళం ద్వారా ఇస్తారు. యాంటీబయాటిక్స్ వాడతారు. చిల్లు పడితే ఆపరేషన్ చేస్తారు. ఈ లోటును చూసి ప్రోబయాటిక్స్, ప్రత్యేక పోషకాహారాల తయారీదారులు ఇక్కడ మార్కెట్‌ను వెతుక్కుంటున్నారు. పరిశోధన జరగాల్సిందే. అయితే రుజువైన రక్షణను అందరికీ అందించే పని దానికోసం ఆగకూడదు.

1990లో ‘లాన్సెట్’ ప్రచురించిన బ్రిటన్ అధ్యయనంలో 926 మంది నెలలు నిండని శిశువులను పరిశీలించారు. తల్లిపాలు మాత్రమే తాగినవారి కంటే డబ్బాపాలు మాత్రమే తాగినవారిలో నెక్ 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా కనిపించింది. పాలపొడి కంపెనీలపై అమెరికాలో కోర్టు తీర్పులు వెలువడిన 2024లోనే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు ఉమ్మడి ప్రకటన చేశాయి. పాలపొడే నెక్‌కు కారణమనడానికి నిర్ధారిత ఆధారం లేదని, తల్లిపాలు రక్షిస్తాయనడానికి మాత్రం బలమైన ఆధారం ఉందని తేల్చాయి.

2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని అంచనా. ఆసియాలో తొలి తల్లిపాల బ్యాంకు 1989లోనే ముంబయి సయన్ ఆసుపత్రిలో మొదలైంది. హైదరాబాద్ నీలోఫర్‌లోనూ అలాంటి బ్యాంకు ఉంది. దాతల పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేసి, పరీక్షించి, అవసరమైన బిడ్డలకు ఇస్తారు. తల్లిపాలను వ్యాపారంగా అమ్మరాదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2021లోనూ, 2024లోనూ స్పష్టం చేసింది. అది సరైన నిర్ణయమే. పేద బాలింత తన బిడ్డ నోటి పాలను అమ్ముకునే పరిస్థితి రాకూడదు.

కానీ నిషేధం ఒక్కటే బిడ్డ ఆకలి తీర్చదు. ఉచితంగా పాలు దొరకని చోట మిగిలేది డబ్బాయే. బిడ్డ ఇంక్యుబేటర్‌లో, తల్లి వేరే వార్డులోనో ఊళ్లోనో ఉంటే పాలు ఎలా వస్తాయి? ప్రతి నవజాత శిశు చికిత్సా కేంద్రంలో తల్లికి మంచం, పాలు పిండే పంపు, ఓపికగా నేర్పే నర్సు ఉండాలి. తల్లిపాలు చాలనప్పుడే దాత పాలు. మరీ చిన్న బిడ్డలకు వైద్యుల సలహాతో అదనపు పోషకాలూ అవసరమవుతాయి.

తల్లిపాలు తాగినా కొందరికి నెక్ వస్తుంది, నిజమే. అయినా ముప్పును ఇంతగా తగ్గించే మార్గం చేతిలో ఉంది. లాభం రాదు కాబట్టి దీనికి ఏ కంపెనీ ప్రచారం చేయదు. ఆ ఖర్చు, ఆ బాధ్యత ప్రభుత్వమే తీసుకోవాలి.