ఆ పిలుపు కొండ యెక్కదు

ముప్పయ్యేళ్ళకు పైగా పిల్లలకు పదవిభాగం నేర్పినవాణ్ణి. అందుచేత ఏ ప్రకటన చదివినా ముందుగా మాటల మీదికే దృష్టి పోతుంది. కార్ల సంస్థలు అప్పుడప్పుడు ఒక ప్రకటన వెలువరిస్తుంటాయి: ఫలానా మోడలు బండ్లను స్వచ్ఛందంగా వెనక్కు పిలిపిస్తున్నాము, లోపాన్ని ఉచితంగా సరిచేస్తాము అని. స్వచ్ఛందమంటే తన ఇష్టం కొద్దీ అని అర్థం. లోపమున్న వస్తువును అమ్మినవాడు దానిని బాగుచేసి ఇవ్వడం బాకీ తీర్చడం వంటిది. బాకీ తీర్చేవాడు దానం చేస్తున్నానంటే ఊరు నవ్వదా? ఇక పిలుపు అన్నాక వినేవాడొకడుండాలి కదా! ఆ వినవలసినవాడికే అది వినబడటం లేదన్నది నా అభియోగం.

మా అబ్బాయి విశాఖలో ఏడుగురు కూర్చునే ఎస్‌యూవీ ఒకటి పాతది కొన్నాడు. ఆర్.సి. తన పేరిట మార్పించుకొన్నాడు. కిందటి కార్తికంలో మనవలతో సహా కోరాపుట్ వెళ్ళి, జగన్నాథుని దర్శించుకొని, సుంకి మీదుగా మా పాచిపెంటకు తిరిగి వస్తున్నాము. పి.కోనవలస ఘాట్ రోడ్డు దిగుతుండగా ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకొంది. బ్రేకు ఒకటి రెండు సార్లు పనిచేసి, ఆపై కాలి క్రింద రాయిలాగా గట్టిపడింది. మావాడు చేతిబ్రేకు లాగుతూ బండిని కొండ అంచుకు ఒరిగించాడు. లోయవైపు మలుపయి ఉంటే ఈ నాలుగు ముక్కలు వ్రాయడానికి నేను మిగిలేవాణ్ణి కాను.

తరువాత షోరూములో చాసిస్ నంబరు కొట్టి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఇంధనపు పంపులో లోపముందని ఆ వరుస బండ్లను ఏడాదికి ముందే వెనక్కు పిలిపించారట. ఉత్తరం, ఎస్సెమ్మెస్ రెండూ మొదటి యజమానికి వెళ్ళాయట. ఆయన బండి అమ్మేశాడు, ఆ ఉత్తరాన్నీ మరచాడు. రిజిస్టరులో మా అబ్బాయి పేరు ఉండనే ఉంది. మేము చెవిటివాళ్ళం కాము. శంఖమే పొరుగూళ్ళో ఊదారు.

ఇంజను లోపమంటే బండి దారిలో మొరాయించడమేనని కొందరనుకొంటారు. పల్లపు నేల మీద కావచ్చు, కొండ మీద కాదు. బ్రేకుకు, స్టీరింగుకు బలమిచ్చేది నడుస్తున్న ఇంజనే. అది ఆగితే ఆ బలమూ పోతుంది.

ఇటువంటి లోపాలు అరుదా? 2013లో జనరల్ మోటార్స్ ఇండియా లక్షా పద్నాలుగు వేల టవేరా బండ్లను వెనక్కు పిలిపించింది. పొగ పరీక్షల విషయంలో తన సిబ్బందే నియమాలను అతిక్రమించారని ఒప్పుకొన్నది. 2017 చివరికి ఇక్కడ అమ్మకాలే మానుకొంది. 2023 ఆగస్టులో మహీంద్రా సంస్థ ఇంజను గదిలో వైరింగు ఒరుసుకొని కోసుకుపోయే అవకాశముందని 1,08,306 ఎక్స్‌యూవీ 700 బండ్లను పరీక్షకు పిలిచింది. పిలిచినందుకు నేను తప్పుపట్టను. ఆ లక్ష పైచిలుకులో చేతులు మారిన బండ్ల మాటేమిటని మాత్రం అడుగుతాను.

చట్టం లేదా అంటే ఉన్నది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110-ఎ సెక్షను చేర్చారు. లోపమున్న బండ్లను వెనక్కు పిలిపించమని కేంద్రం ఆజ్ఞాపించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమాల ప్రకారం పది లక్షల నుండి కోటి రూపాయల దాకా జరిమానా కూడా ఉన్నది. కాని దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. ఏడాదికి పదివేలకు మించి అమ్ముడయ్యే కారయితే 1,250 ఫిర్యాదులు రావాలట. పైగా తయారయి ఏడేళ్ళు నిండని బండికే ఆ రక్షణ. పరీక్షా సంస్థల నివేదిక వంటి వేరే దారులు చట్టంలో లేకపోలేదు; సామాన్యునికి తెరచిన వాకిలి మాత్రం ఇదే. సాలూరు సంతకు జనాన్ని దింపే బండివాడు జాలంలో ఫిర్యాదు ఎలా నమోదు చేస్తాడు? మా కొండల్లో నాకు కనబడే బండ్లలో ఏడేళ్ళ లోపువి ఎన్ని? ఎవరికి ప్రమాదమెక్కువో వారినే ఈ లెక్క బయట నిలబెట్టింది.

బండిని సరిగా చూసుకోవలసినది యజమానేనని కొందరంటారు. నిజమే, నూనె మార్చడం మన పని. కర్మాగారంలోనే పుట్టిన లోపం మన కంటికెలా కనబడుతుంది? అమెరికాలో ఇన్ని ఫిర్యాదులు రావాలన్న లెక్క లేదు. రాష్ట్రాల రిజిస్టర్లలోని ప్రస్తుత యజమాని చిరునామాకు తపాలాలో నోటీసు పంపాలి. పదిహేనేళ్ళ వరకు ఉచితంగా బాగుచేయాలి. హ్యుందాయ్, కియా సంస్థలు ఇంజను లోపాల విషయంలో సకాలంలో స్పందించలేదని 2020లో అక్కడి ప్రభుత్వం 21 కోట్ల డాలర్ల దండన విధించింది. ఆ సంగతి బయటపెట్టిన ఇంజనీరుకు 2021లో రెండు కోట్ల నలభై లక్షల డాలర్లకు పైగా బహుమానమిచ్చింది. అదే కియా మన పెనుకొండ దగ్గర కార్లు తయారుచేస్తున్నది. అక్కడి ప్రాణానికొక వెల, ఇక్కడి ప్రాణానికొక వెలా?

నేను కోరేది పెద్ద విషయమేమీ కాదు. ఆర్.సి.లో ఎవరి పేరున్నదో వారికే, వారి భాషలోనే నోటీసు పోవాలి. ఆర్.సి. పేరు మార్చేటప్పుడే ఆ బండి మీద పిలుపేదైనా మిగిలి ఉన్నదా అని చూసి చెప్పాలి. ఫిర్యాదుల లెక్కను, ఏడేళ్ళ గడువును ఎత్తివేయాలి.

అంతవరకు మిత్రులారా, పాత బండి కొన్నవారు ఆర్.సి. మీది పదిహేడు అక్షరాల చాసిస్ నంబరును షోరూములో చూపించండి. ఎన్నవ చేతికి వచ్చిన బండి అయినా అడగండి. కాదంటే వినియోగదారుల సహాయవాణి 1915కు తెలుగులోనే చెప్పండి. బాకీ మనది కాదు, అడగడానికి సిగ్గెందుకు?