మాత్రలతో తీరని కార్జపు జలగ బెడద

ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఇసాన్ ప్రాంతంలో, ముఖ్యంగా ఖోన్‌కేన్ ప్రావిన్సులో, పిత్తనాళ క్యాన్సర్ ప్రపంచంలో మరెక్కడా లేనంత ఎక్కువగా కనిపిస్తోంది. దీనికి ప్రధాన కారణం కుంటల్లో, వాగుల్లో, వరిమళ్లలో సహజంగా పెరిగే చేపల కండలో దాగి ఉండే ఒపిస్థార్కిస్ వివెర్రిని అనే కార్జపు జలగ. పేరుకు జలగే అయినా ఇది రక్తం పీల్చే జలగ కాదు. చెరువు ఒడ్డున మేసే గొర్రెల కాలేయాన్ని పాడుచేసేదిగా తెలుగు కాపరులు ఎరిగిన కార్జపు జలగ వలెనే ఆకు ఆకారంలో ఉండే చదును పురుగు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీనిని మనుషులలో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన మొదటి వర్గంలో చేర్చింది. అయినా నేటికీ నిందలో అధిక భాగం పచ్చి చేప తినే పల్లె జనంపైనే పడుతోంది. ఇది అన్యాయమే కాదు, వ్యాధి నివారణకు ఆటంకం కూడా.

చేప ఈ పురుగుకు పుట్టిల్లు కాదు, మధ్యలో దొరికిన మజిలీ మాత్రమే. మనిషి మలంతో బయటపడిన గుడ్లు నీటిలో చేరితే బిథినియా అనే చిన్న నత్తలు వాటిని మింగుతాయి. నత్త దేహంలో పెరిగి వేల సంఖ్యలో వెలువడిన లార్వాలు కార్ప్ కుటుంబానికి చెందిన చిన్న చేపలను అంటిపెట్టుకుని, పొలుసుల కింది నుంచి కండలోకి చొరబడి, మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే ఉండే తిత్తులుగా మారతాయి. ఆ చేపను పచ్చిగా తిన్న మనిషి పేగులో తిత్తి విచ్చుకుని, పురుగు పిత్తనాళంలోకి పాకి, అక్కడే ఏళ్ల తరబడి బతుకుతుంది. అది రేపే వాపు మానకుండా సాగితే దశాబ్దాల తరువాత క్యాన్సర్‌కు దారి తీయవచ్చు. పిల్లులు, కుక్కలు కూడా ఈ పురుగును మోస్తాయి గనుక మనుషులకు మాత్రమే వైద్యం చేస్తే చక్రం ఆగదు.

ఇసాన్ పల్లెల్లో చేపను సన్నగా కొట్టి, నిమ్మరసం, ఎండుమిరప కారం, వేయించి దంచిన బియ్యప్పొడి కలిపి చేసే కోయ్ ప్లా పొలం పనుల నడుమ పదిమంది కూడి తినే వంటకం. నిమ్మ పులుపుకు కండ తెల్లబడి ఉడికినట్టే కనిపిస్తుంది. లోపలి తిత్తి మాత్రం చావదు. చేపను బాగా ఉడికించడమే అసలైన రక్షణ అన్న బోధ అవసరమే, కానీ తరతరాల రుచిని గోడపత్రికలతో మాన్పించవచ్చునని నమ్మడం పొరపాటు.

ప్రాజిక్వాంటెల్ మాత్ర పురుగును చంపుతుంది గాని మళ్లీ సోకకుండా కాపాడదు. ఇసాన్‌లో 1980 దశకం ఆరంభంలో 34 శాతం దాటిన సంక్రమణ 2001 నాటికి 15.7 శాతానికి దిగి, 2009 సర్వేలో 16.6 శాతం వద్దనే నిలిచిపోయింది. మాత్రతో పాటు చేపను, నత్తను, పిల్లిని, ఊరి బడిని కలుపుకొని సాగిన కృషికి ఖోన్‌కేన్‌లోని లవా సరస్సు సాక్ష్యం. ఆరంభంలో గరిష్ఠంగా 70 శాతం వరకు ఉన్న చేపల సంక్రమణ అక్కడ ఒక శాతం లోపునకు పడిపోగా, చుట్టుపక్కల గ్రామాల ప్రజలలో సగటున 60 శాతంగా ఉన్నది దాదాపు మూడో వంతుకు తగ్గింది. నీటినీ ఊరినీ కలిపి చూసినచోట ఫలితం దక్కిందని ఈ అంకెలు చెబుతున్నాయి.

కనుక సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడిన మురుగును శుద్ధి చేయకుండా పొలాల్లో, కుంటల్లో వదలడాన్ని థాయ్ ప్రభుత్వం కఠినంగా నిరోధించాలి. ప్రతి జిల్లాలో మురుగు శుద్ధి కేంద్రాలు నెలకొల్పి, మాత్రల పంపిణీతో సమానంగా వాటికీ నిధులు కేటాయించాలి. ఇదే పురుగు పీడిస్తున్న లావోస్, కంబోడియాలతో కలిసి మెకాంగ్ పరీవాహకమంతటా చేపలను, నత్తలను క్రమం తప్పక పరీక్షించాలి. పల్లెవాసి పళ్లెంలోని చేపకు పురుగు సోకకుండా చూడవలసిన పూచీ ముందుగా ప్రభుత్వానిదే.