తొట్టె కడిగేస్తే నీరు బాగుపడదు

ఉప్పునీటి అక్వేరియంలో చేపలు నీరసించగానే చాలామంది నీళ్లన్నీ పారబోసి, రాళ్లనూ ఫిల్టర్‌నూ కుళాయి కింద కడిగేస్తారు. ఈ తొందరపాటే చేపల్ని చంపుతుందని నా అభిప్రాయం.

చేపల విసర్జకాలు, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని కొన్ని బ్యాక్టీరియాలు నైట్రైట్‌గా, మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఎక్కువగా రాళ్ల మీద, ఇసుకలో, ఫిల్టర్‌లో ఉంటాయి. కుళాయి నీటిలోని క్లోరిన్ వీటిని చంపేస్తుంది. పైగా సముద్రపు నీటి పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. క్షారత పెరిగేకొద్దీ అమ్మోనియా మరింత విషపూరితం.

కాబట్టి ముందు నీటిని పరీక్షించాలి. మేత తగ్గించాలి. క్లోరిన్ లేని నీటిలో అక్వేరియం ఉప్పు కలిపి, లవణీయత లీటరుకు సుమారు 35 గ్రాములు ఉండేలా, ఉష్ణోగ్రత తొట్టెతో సరిపోయేలా చూసి, ఐదో వంతు నీరు మార్చాలి. అవసరమైతే మర్నాడు మళ్లీ మార్చాలి. ఆవిరైన నీటికి బదులు మాత్రం ఉప్పులేని నీరే పోయాలి. ఉప్పు ఆవిరైపోదు కదా! బ్యాక్టీరియా కోలుకోవడానికి వారాలు పడుతుంది.

క్లౌన్‌ఫిష్ వంటి కొన్నింటిని హేచరీల్లో పెంచుతున్నా, సముద్రపు అలంకార చేపల్లో అత్యధికం పగడపు దిబ్బల వద్ద పట్టినవే. తొట్టెలో ఒకటి చస్తే, దాని స్థానంలో మరొకటి అక్కడి నుంచే రావాలి. ఓపిక లేనివారు ఈ సరదా జోలికి పోకపోవడమే మేలు.