గండిపేట నీళ్ల రుణం

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. వెళ్లినప్పుడు ఒక్క నిమిషం దాని కింద ఆగండి. మన నల్లా కథ అక్కడే మొదలైంది.

ఆ చావులు చూశాకే నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఊరి ఎగువనే ఆపాలన్నారాయన. 1920లో గండిపేట దగ్గర మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఊరిని ముంచిన ఏరే ఊరి గొంతు తడిపింది. గండిపేట నుంచి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా మూతవేసి కట్టిన కాలువ వేశారు. అందరూ కాండ్యూట్ అంటారు. నేల వాలు పట్టుకుని నీళ్లు వాటంతటవే నడిచొస్తాయి. మోటారు లేదు, కరెంటు ఖర్చు లేదు. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ విడిచిపోడనే మాట ఆ నీళ్లతోనే పుట్టింది.

అంత నమ్మకంగా నీళ్లిచ్చిన కాలువను మనమెట్లా చూసుకున్నాం? దాని వెంట గోడలు లేపాం, షెడ్లు వేశాం. ఆ రెండు జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో కట్టడాలను అదుపు చేస్తూ 1996లో 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ 69 జీవో వచ్చింది. తప్పంతా ప్రభుత్వాలదే అని చేతులు దులుపుకోలేం. లేక్ వ్యూ అన్న బోర్డు చూసి బారులు తీరింది మనమే. చెరువు కనబడే కిటికీకి ఎక్కువ ధర ఇచ్చాం, ఆ చెరువులోకి వాన నీళ్లు తెచ్చే వాగు ఏమైందని అడగలేదు.

ఇంటి దగ్గరున్న నీళ్లను ఇట్లా పోగొట్టుకుంటూ, నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి కృష్ణను, అంతకన్నా దూరం నుంచి గోదావరిని పంపులతో ఎత్తి తెచ్చుకుంటున్నాం. తెల్లారి మా గల్లీలో కారు కడుగుతుంటే పైపు నేల మీద పడి పారుతూనే ఉంటుంది. నురగతో మోరీలోకి, మోరీ నుంచి మూసీలోకి. అంత దూరం వచ్చిన నీళ్లు పది అడుగుల్లో మురుగైపోతాయి. చూస్తూ దాటిపోయేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇకమీదట ఆగి ఆ నల్లా కట్టేస్తాను. మీరూ కట్టేయండి.

గండిపేట ఎగువన ఎవరైనా ప్లాటు చూపిస్తే, బయానా ఇచ్చే ముందు, చెరువు నిండితే నీళ్లు ఎందాకా నిలుస్తాయో చూపే ఎఫ్‌టీఎల్ మ్యాపు తెమ్మనండి. నీళ్లు నిలిచే గీత లోపల ఆ జాగా ఉంటే, ఎంత చవకకిచ్చినా సరే, లేచి వచ్చేయండి.