మునకకు ముందు కొనుగోలు

ఈత నేర్చినంత మాత్రమున లోతు నేర్చినట్లు కాదు. 1943లో ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అనువారు, ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే గాలి నందించు రెగ్యులేటరును సిద్ధపరచి, సామాన్యునికి సైతము సముద్రగర్భపు ద్వారము తెరచిరి. ఆ ద్వారముచెంత నిలిచిన క్రొత్తవాడు, శిక్షణ ముగిసినదే తడవుగా సామగ్రి నంతటిని ఒక్కమారే కొనుట వివేక మనిపించుకొనదు.

మొదట కొనదగినది మాస్కు. అది ముక్కును గూడ కప్పవలెను. ఏలయన, లోతునకు దిగుకొలది మాస్కులోని గాలి కుంచించుకొనిపోవును. ముక్కుతో కొంత గాలి వదలి దానిని సరిచేయవలసి యుండును. కండ్లను మాత్రమే కప్పు అద్దములతో ఆ పని సాగదు. పట్టీ తగిలింపక మాస్కును ముఖమున కానించి, ముక్కుతో గాలి పీల్చినప్పుడు జారక నిలిచినదే తగినది. వన్నెతో పనిలేదు. తరువాత పాదములకు చక్కగా అమరు ఫిన్నులు.

రెగ్యులేటరు విషయమున మాత్రము చవుకబేరము తగదు. ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణపు పీడనము హెచ్చును. ఒకే తీరున ఊపిరి పీల్చినను, 20 మీటర్ల లోతున ఉపరితలముకంటె మూడురెట్లు గాలి ఖర్చగును. అచ్చట ప్రాణము ఆ యంత్రమునే నమ్ముకొని యుండును. ఎవరు ఎప్పుడు మరమ్మతు చేసిరో తెలియని పాతదానిని కొనుటకంటె, శ్రద్ధగా కాపాడబడినదానిని అద్దెకు తీసికొనుట మేలు. ఎప్పటికప్పుడు పరీక్షింపవలసిన సిలిండరు సంగతియు అంతియే.

ఆడంబరమునకు వెచ్చించు ధనమును, గురువు సమక్షమున మరి నాలుగు మునకలకు వెచ్చించినచో, తక్కినవానిలో ఏది అవసరమో నీరే చెప్పును.