దాదా తల్వార్, నానా విల్లు



పోయిన సెలవుల్లో కడపలో మా చెల్లెలింట్లో పిల్లలంతా చేరి ఒక ఆట ఆడినారు. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1974లో అమెరికాలో వచ్చింది. ఎవరికి వారు ఒక కిర్దార్ కల్పించుకుని, పాచికలు వేస్తూ కథ నడపాల. అమీర్ హమ్జా దాస్తాన్ లాంటిదే అనుకోండి, కాకపోతే ఇక్కడ వినేవాళ్లే హమ్జా, వాళ్లే అమర్ అయ్యార్.

కిర్దార్‌కు ముందు ఒక ఖాందాన్ ఎంచుకోవాలంట. 2014 నాటి పుస్తకం ప్రకారం 'నోబుల్' అని రాసుకుంటే మంచి బట్టలు, ముద్ర ఉంగరం, 25 బంగారు నాణేలు, వాటితోపాటు ఒక శజ్రా, అంటే వంశావళి కాగితం కూడా దొరుకుతుంది. మామూలు జనంలోంచి వచ్చిన వీరుడికైతే పార, ఇనుప కుండ, 10 నాణేలు. మావాడు ఆలోచించకుండా నోబుల్ అని రాసి, కింద 'మా దాదా తల్వార్' అని చేర్చినాడు.

ఆ తల్వార్ నిజంగానే ఉంది. కర్నూలులో మా బడే అబ్బా ఇంట్లో గోడకు వేలాడుతుంటుంది. నవాబుల నాటిదంటారు, అల్లాకే ఎరుక. నిస్బత్ మాట్లాడను ఎవరొచ్చినా ముందు చాయ్, ఆ తర్వాత తల్వార్ కథ.

ఆ నవాబుల ఆయుధాల అంజామ్ మాత్రం ఆ కథలో రాదు. 1839లో ఇంగ్లీషువాళ్లు కర్నూలు కోటలో దాచిన ఫిరంగులు, మందుగుండు పట్టుకున్నారు. నవాబు గులాం రసూల్ ఖాన్‌ను ఖైదు చేసి తిరుచిరాపల్లి పంపించినారు. మరుసటి ఏడే ఆయన అక్కడ ఇంతెకాల్ అయినారు. అన్ని ఆయుధాలుండీ రాజ్యం దక్కలేదు.

మా అమ్మీ తరఫున ఇంకో ఆయుధం ఉండేది. మా నానా దూదేకులాయన. ఆయన విల్లు నాకు బాగా యాది. మనిషంత పొడుగు, కొయ్యతో నారిని కొడితే ఇల్లంతా మోగేది, దూది మంచు మాదిరి లేచేది. కడప జిల్లా ముడుమాల సిద్దయ్య, వీరబ్రహ్మంగారి శిష్యుడు, ఆ దూదేకుల ఇంట్లో పుట్టినవాడే. ఆ విల్లుతో నానా ఏడుగురిని సాకినాడు. ఆయన పోయినాక అది పొయ్యిలోకి పోయింది. నిస్బత్ మాటల్లో ఆ విల్లు ప్రస్తావన నేనెప్పుడూ వినలేదు.

మన ఖాందాన్ కూడా అవసరాన్ని బట్టి మారుతుంది. నిస్బత్ దగ్గర 'మేము పఠాన్‌లం' అంటారు. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఈ జాబితాలో పఠాన్, సయ్యద్ లేరు, షేక్ ఉంది. సర్టిఫికెట్ కోసం పోయేటప్పుడు కొందరు షేక్ అయిపోతారు. దూదేకులవాళ్లు బీసీ-బీలో ఉన్నారు, వాళ్లింటికి నిస్బత్ మాత్రం పోదు. ఇంక పిల్లల ఆటను తప్పు పట్టేదెట్లా?

సూరా హుజురాత్ 13వ ఆయత్ మనందరికీ తెలుసు. జాతులు, తెగలు ఒకరినొకరు గుర్తుపట్టేదానికే, ఇజ్జత్ తఖ్వాతోనే. నసబ్‌తో వచ్చే ఫఖర్‌కు షరీఅత్‌లో హిస్సా లేదు. తర్కాకు ఉంది. కఫన్ ఖర్చు, అప్పులు, వసీయత్ తీరినాక మిగిలినదాంట్లో కొడుక్కు రెండు వంతులైతే కూతురికి ఒక వంతు. సూరా నిసాలో స్పష్టంగా ఉంది. తల్వార్‌ను ముక్కలు చేయలేకపోతే ఖీమత్ కట్టి పంచుకోవచ్చు.

మా దాదా పోయినాక తల్వార్ పెద్ద కొడుక్కు, చేను ముగ్గురు కొడుకులకు పోయినాయి. ఇద్దరు ఫూఫీలు 'మాఫ్ చేసినాం' అని కాగితం మీద సంతకం పెట్టినారు. నలుగురి ముందర, మైకా తలుపు మూసుకుపోతుందనే భయంతో పెట్టిన సంతకం అది. దాన్ని మాఫీ అని నేననుకోను. పంచకూడనిదాన్ని గోడకు వేలాడదీసినాం, పంచాల్సినదాన్ని దాచుకున్నాం.

మా అబ్బా వంతు ఇప్పుడు నా దగ్గరే ఉంది, అంటే ఆ బాకీ నా మెడమీద కూడా ఉంది. నా వంతులో ఫూఫీలకు ఎంత పోవాలో ముఫ్తీ సాబ్ దగ్గర లెక్క వేయించినాను. వచ్చే ఈద్‌కు కర్నూలు పోయి ఇచ్చేస్తాను. మిగతా ఇద్దరి ముందు కూడా ఈ మాట ఎత్తుతాను. బడే అబ్బాకు కోపం రావచ్చు. మీ ఇంట్లోనూ ఇట్లాంటి సంతకం ఒకటి ఉంటే, ఒకసారి ఆ కాగితం బయటికి తీయండి.

మావాడికి నానా విల్లు గురించి చెప్పినాను. "ముందే ఎందుకు చెప్పలేదబ్బా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.